పాట అందేంత దూరం

మా రేవు రేడియోకి ఫోన్ చేసి మొగుడి పేరు చెప్పిన ఆడది లేదు. ఈ సంగతి నేను ఉద్యోగంలో చేరేముందు ఎవరైనా చెప్పొచ్చు కదా, చెప్పలేదు. మొదటి రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. "మా ఇంటాయనకి ఓ పాటెయ్యమ్మా" అంది ఎవరో ఆవిడ. "అలాగేనమ్మా, మీ ఆయన పేరేటి?" అన్నాను నవ్వుతూ. టక్కున పెట్టేసింది. రెండో ఆవిడా అంతే. మూడో ఆవిడ మాత్రం పెట్టెయ్యలేదు. "ఏ ఊరి గుంటవే నువ్వు? సిగ్గూ ఎగ్గూ లేదేటే? మొగుడి పేరు సెప్పమంటావేటే?" అని మైకు ఆన్‌లో ఉండగానే దులిపేసింది. సముద్రం మీదున్న పడవలన్నీ విన్నాయి. ఆ పూట రేవులో నేనే వార్త.

ఆ మూడో ఆవిడే అమ్మడు.

నా పేరు రాజకుమారి. మాది నరసన్నపేట దగ్గర, వరి తప్ప మరొకటి తెలియని ఊరు. మా ఆయన రమేష్‌బాబుకి నరసన్నపేటలో ఎరువుల కొట్టుంది. చూశారుగా, ఎంత సులువుగా అనేశానో! ఇంట్లో రోజుకి వందసార్లు అంటాను. రమేష్‌బాబూ గ్యాసు అయిపోయింది, రమేష్‌బాబూ మీ అమ్మ ఫోన్లో ఉంది. నేనలా ఫోన్లో మాట్లాడుతుంటే కొత్తరేవు ఆడాళ్ళు బుగ్గలు నొక్కుకునేవారు. పోండమ్మా, మీ చాదస్తం మీరూనూ అని నేను నవ్వేసేదాన్ని.

కొత్తరేవు వేటకెళ్ళేవాళ్ళ ఊరు. అక్కడి ఐసు ఫ్యాక్టరీ మేడ మీద రెండు గదులే మా స్టేషను. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించినా, కింద ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు మైకులో పడుతూనే ఉంటుంది. తిరుమలరావు మాస్టారు రిటైరయ్యాక ఊళ్ళోవాళ్ళని పోగేసి దీన్ని పెట్టారు. ఆయనకి రెండు పిచ్చులు. ఒకటి కొత్త పాట. "పాత పాటలకి పెద్ద రేడియోలున్నాయమ్మా, మనమెందుకు?" అంటారు. చీపురుపల్లిలో ఆటో తోలే కుర్రాడు ఫోన్లో పాడి పంపినా, పాతపట్నం కాలేజీ పిల్లలు గిటారూ డప్పూ కలిపి వాయించినా, మర్నాడు పొద్దున్నే అది మా రేడియోలో ఉండాలి. రెండోది ఊరి సంగతులు. మాలాంటి చిన్న రేడియోలు సొంతంగా వార్తలు చదవకూడదు, రూలు ఒప్పుకోదు. అందుకని మేం చదవం. ముసలి ఎర్రన్నని మైకు ముందు కూర్చోబెట్టి, "ఏటి మావా, జెట్టీ కడతామన్నారు కదా, ఎందాకా వచ్చింది?" అని అడుగుతాం. ఎర్రన్న నోరు విప్పాక ఇంక వార్తలెందుకు?

పాటకీ పాటకీ మధ్య గాలి ఎటుందో, కెరటం ఎలా ఉందో, నరసన్నపేటలో చేప ఏ రేటు పలుకుతోందో చెబుతాం. వేటకెళ్ళినవాళ్ళు ట్రాన్సిస్టర్‌ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పడవలో ఓ కర్రకి వేలాడదీసుకుంటారు. ఒడ్డు విడిచి కొంత దూరం పోయాక మా గొంతు గరగరలాడి ఆగిపోతుంది. అదే వాళ్ళకి కొండగుర్తు అయిపోయింది. "ఈయేళ పాట అందేంత దూరంలోనే వలేసేం" అంటారు. అది దాటితే "పాట దాటి పోయేం" అంటారు.

మరి పేరు చెప్పకపోతే ఏ పాట ఎవరికో తెలిసేదెలా? దానికి ఆడాళ్ళే ఓ దారి కనిపెట్టారు. ఒక్కొక్కరూ ఒక్కో పాట పట్టేసుకున్నారు. రోజూ అదే అడుగుతారు. పడవల్లో ఆ పాట మొదలవగానే "ఒరే అప్పలసూరీ, నీ పెళ్ళాం పిలుస్తందిరోయ్" అని కేకలు. ఒకరి మొగుణ్ణి ఇంకొకరు అడగనట్టే ఒకరి పాట ఇంకొకరు అడగరు. ఊళ్ళోకి కొత్త కోడలు వస్తే ఎవరూ తీసుకోని పాట వెతుక్కోవాలి. మాస్టారి కొత్త పాటల పిచ్చి అలా అక్కరకొచ్చింది.

అమ్మడు పట్టుకున్నది పాతపట్నం పిల్లలు కట్టిన బస్సు పాట. "ఎనక సీటు కాళీగున్నాది, కిటికీ పక్క నీకే ఉన్నాది" అని మొదలవుతుంది. సముద్రానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇదేం పాటే అని అడిగితే కాస్త సిగ్గుపడి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళాయన పాతపట్నం జాతరకి బస్సులో తీసుకెళ్ళాడట. వెనక సీటు. దారంతా ఈవిడకి వాంతులే. ఆయన కిటికీ పక్క సీటు ఇచ్చేసి, వీపు రాస్తూ, మధ్యమధ్యలో "వొచ్చేసింది, వొచ్చేసింది పాతపట్నం" అని అబద్ధాలు చెబుతూ కూర్చున్నాడట. "అంత మంచోడమ్మా" అంది.

ఆ మంచోడి పేరు నూకయ్య. నేను చెప్పొచ్చు, నా మొగుడు కాదు కాబట్టి. అమ్మడి నోట ఆ పేరు కాదు కదా, నూకలన్న మాట కూడా రాదు. కొట్టుకెళ్ళి "సితికిన బియ్యం" ఇమ్మంటుంది. నరసన్నపేట సంతలో చేపలమ్మేటప్పుడు ఆవిడ కేకకి హైవే మీద లారీవాళ్ళు తల తిప్పి చూస్తారు. అంత గొంతున్న మనిషి మొగుడి దగ్గరికొచ్చేసరికి "మా ఇంటాయన" అని గుసగుసలాడుతుంది.

ఆ రేవులో ఓ మాటుంది. ఆడది మొగుడి పేరు రెండుసార్లే చెప్పాలట. గడప దగ్గర ఒకసారి, కెరటం దగ్గర ఒకసారి. గడప సంగతి మనకీ తెలిసిందే. పెళ్ళయి ఇంటికొచ్చినప్పుడు ఆడబిడ్డలు అడ్డం నిలబడి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వరు. కెరటం సంగతి నాకు తర్వాత తెలిసింది. మొగుడు పోయాక, కర్మ రోజున, ఆడాళ్ళంతా కలిసి పెళ్ళాన్ని నీళ్ళ దాకా నడిపిస్తారు. మొగుణ్ణి పేరు పెట్టి గట్టిగా పిలవమంటారు. పిలుస్తుంది. జవాబు కోసం అందరూ నిలబడతారు. రాదు కదా. అప్పుడు గాజులు తీస్తారు.

ముందటేడు వానాకాలంలో నూకయ్య పడవ బోల్తా కొట్టింది. తుఫానూ లేదు, ఏమీ లేదు. వేట ముగించుకుని వస్తూ ఒడ్డు కనబడుతుండగా ఓ కెరటం పక్కనుంచి కొట్టింది. పడవలో ఉన్నది నూకయ్యా, ఎర్రన్నా. ఎర్రన్న చెక్క పట్టుకుని తేలాడు. నూకయ్య కనబడలేదు. ఊరి పడవలన్నీ వెతికాయి, మత్స్యశాఖ ఆఫీసరు పంపిన మరబోటు కూడా వెతికింది. మనిషి దొరకలేదు, చొక్కా దొరకలేదు.

ఎర్రన్న ఒడ్డుకొచ్చి చెప్పిన మొదటి మాట ఇది. "ఆడి పాట సగంలో ఉండగా తిరగబడిపోనాది."

ఆ పాట వేసింది నేనే. రోజూ వేసేదే వేశాను.

తర్వాత కొన్నాళ్ళు అమ్మడు ఫోన్ రాలేదు. ఓ పొద్దున్న మళ్ళీ వచ్చింది, అదే గుసగుస. "రాజకుమారమ్మా, మా ఇంటాయనకి పాటెయ్యమ్మా. సగమే ఇన్నాడంట. మిగతా సగం ఇనాల కదా." వేశాను. మర్నాడూ వేశాను. పాట మొదలైతే పడవల్లో ఎవరూ కేకలెయ్యడం లేదనీ, అయిపోయేదాకా వల ముట్టుకోవడం లేదనీ ఎర్రన్న చెప్పాడు.

ఇలా ఏడాది తిరిగి మళ్ళీ వానలొచ్చాయి.

ఈలోగా ఇంకో ముడి పడింది. నూకయ్య తమ్ముడు భాస్కర్‌కీ, అమ్మడి చెల్లెలు అరుణశ్రీకీ పెళ్ళి ఖాయమై ఉంది. నూకయ్యే దగ్గరుండి కుదిర్చాడు. ఆ పెళ్ళి అలాగే ఆగిపోయింది. "సావు తేలని ఇంట్లో పందిరెయ్యకూడదు" అంది అత్తగారు కూర్మమ్మ. అమ్మడు కెరటం దగ్గర పేరు పిలిస్తే కర్మ జరుగుతుంది, కర్మ జరిగితే పెళ్ళి జరుగుతుంది. అమ్మడేమో "అవుపడనోడు పోయినోడెలాగవుతాడు?" అంటుంది. అరుణశ్రీ అక్కని ఒక్క మాటా అడగలేదు. భాస్కర్ వదిన ముఖం చూసే ధైర్యం లేక తిండికి తప్ప ఇంట్లో ఉండడం మానేశాడు.

ఓ రోజు కూర్మమ్మ మా మేడ మెట్లు ఎక్కి వచ్చింది. ఆయాసం తీరకముందే మొదలుపెట్టింది.

"నువ్వా పాట ఆపీయమ్మా. నువ్వెయ్యబట్టే అది పేరు సెప్పట్లేదు. ఆడు నా కొడుకు. నాకు మాత్రం ఆశ ఉండదేటి? కానీ కర్మ సెయ్యకపోతే ఆడెక్కడ తిరుగుతన్నాడో, ఆకలేస్తందో ఏటో..."

నాకు కోపం వచ్చింది. రేడియో నాది, పాట నాది, ఆపమనడానికి ఈవిడెవరు అనిపించింది. చివరి మాట దగ్గర ఆ కోపం ఎటుపోయిందో పోయింది. మంచినీళ్ళిచ్చి పంపించాను.

సాయంత్రం నేనే అమ్మడి దగ్గరికి వెళ్ళాను. ఇసకలో పరిచిన ఎండుచేపలు వానొస్తుందని గబగబా ఎత్తుతోంది. నేనూ ఓ పక్క పట్టాను.

"మీ అత్త వొచ్చింది" అన్నాను.

"తెలుసు. ఆపీమంది కదా. ఆపీ మరి." తలెత్తలేదు. "గానీ ఒక్క మాట సెప్పు. నీ మైకులో మాట్లాడితే ఎంత దూరం ఎల్తాది?"

"పడవలెళ్ళేంత దూరం. ఆపైన గరగరే."

"ఆయన ఆ గరగరకి ఇవతలున్నాడో, అవతలున్నాడో..." అంది. చేతిలో చేపలు బుట్టలో పడేసి, "కెరటం దగ్గర నిలబడి అరిస్తే మాత్రం ఎందాకెల్తాది? ఆ హోరులో నా మాట నాకే ఇనపడదు. ఆ మాత్రం దానికి ఆయన పేరు ఒట్టినే ఎందుకు కర్సు సేసుకోవడం?" అంది.

చేపలు ఎత్తేలోపే వాన మొదలైంది. ఇద్దరం తడిశాం.

ఆ వారమే అరుణశ్రీ ఫోన్ చేసింది. హుషారు గొంతు. "అక్కా, భాస్కర్‌కి ఓ పాటెయ్యి. ఏదైనా పర్లేదు. భాస్కర్, బద్రంగా రా. ఇంటన్నావా భాస్కర్?" అంది. నేను బిత్తరపోయి, "ఓలమ్మా, పేరు అలా సెప్పేస్తన్నావేటే?" అన్నాను. "పెళ్ళి కానేదు కదక్కా. అయ్యేక ఎలాగూ సెప్పకూడదు. అందికే ఇప్పుడే తనివితీరా సెప్పీసుకుంతన్నాను" అంది. కింద ఐసు కొట్టేవాళ్ళు పగలబడి నవ్వారు. సముద్రం మీద భాస్కర్‌ని ఎంత ఏడిపించి ఉంటారో చెప్పక్కర్లేదు. నేనూ నవ్వాను. నవ్వుతూండగానే లెక్క తట్టింది. పెళ్ళి ఏడాదిగా ఆగిపోబట్టే ఆ పేరు ఇంకా ఆ పిల్ల నోట ఉంది.

ఆ పూట అమ్మడు కూడా రేడియో వింటూనే ఉంది. తన పాట కోసం ఎలాగూ వినాలి కదా.

మర్నాడు పొద్దున్న, పాట వేళకి ఫోన్ రాలేదు. మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. తల స్నానం చేసి, జుట్టు ముడేసి, పెళ్ళినాటి చీర కట్టుకుని అమ్మడు గుమ్మంలో నిలబడింది. నేను చేరినప్పటినుంచీ ఆవిడ ఆ మేడ ఎక్కడం అదే మొదలు. వెనక కూర్మమ్మ, అరుణశ్రీ. వాళ్ళు మెట్ల మీదే ఆగిపోయారు.

"మైకు ఇయ్యమ్మా" అంది.

కెరటం దగ్గర పిలవాల్సిన పిలుపు మైకులో పిలవడానికొచ్చిందని అర్థమైంది నాకు. "ఒద్దే అమ్మడూ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఏడాదంతా ఆ పాట వేసి వేసి, నూకయ్య ఎక్కడో అక్కడ వింటున్నాడని నాకూ నమ్మకం కుదిరిపోయినట్టుంది. "ఇంకొన్నాళ్ళు సూద్దాం. పాట ఆపనులే, ఎవరొచ్చి అడిగినా ఆపను" అన్నాను.

"దానికి ఈడొస్తంది, నాకు పోతంది" అంది మెట్ల మీదున్న చెల్లెల్ని చూపించి. "నానే అడ్డంగా కూకుంటే ఎలాగ? ఆ గుంట నిన్న పిలిస్తే నాకు నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది. నాకూ పిలవాలనుంది రాజకుమారమ్మా. పేరు పెట్టి పిలవాలనుంది."

పాతపట్నం పిల్లల పాట పెట్టడానికి సిద్ధంగా ఉంది. దాన్ని ఆపి, మైకు ఆవిడ వైపు తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది. ఎలా మాట్లాడాలో చెప్పబోయి మానేశాను.

మొదట పెదాలు మాత్రం కదిలాయి. ఎప్పుడో గడప దగ్గర అని, మళ్ళీ అనని పేరు. తర్వాత గుసగుసగా వచ్చింది. "నూకయ్యా." తన నోట తనకే కొత్తగా వినిపించినట్టు ఆగింది. మళ్ళీ అంది, "నూకయ్యా." మూడోసారి సంతలో చేపలమ్మే గొంతుతో, గుండెల్లోంచి, "నూకయ్యోయ్!" అని పిలిచింది. మీటరు ముల్లు ఎర్రగీత దాటి అక్కడే కొట్టుకుంది.

తర్వాత ఆగింది. జవాబు కోసం ఆగాలి కదా.

రేడియోలో నిశ్శబ్దం ఉండకూడదు. మాస్టారు మాకు నేర్పిన మొదటి పాఠం అది. ఏమీ లేకపోతే గాలీ వానా సంగతైనా చెప్పమంటారు. మాస్టారు పక్క గదిలోంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. కింద ఐసు చప్పుడు ఆగిపోయింది. కూర్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు సముద్రం మీద ఇంజన్లన్నీ ఆపేశారట. భాస్కర్ పడవ అంచు పట్టుకుని, పాట దాటిన వైపు చూస్తూ నిలబడిపోయాడట. ఎర్రన్న చెప్పాడు.

జవాబు రాలేదు.

అమ్మడు మైకుకి ఇంకా దగ్గరగా వంగింది. పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు చెప్పింది. "నాను, అమ్మడిని. తలుపు తీసే ఉంటాది. నువ్వు రాగలిగితే రా. లేకపోతే ఎక్కడున్నావో అక్కడే సల్లగుండు. నీ తమ్ముడి పెళ్ళి సేస్తన్నాం. ఈ పాట మాత్రం ఆకరిదాకా ఇనీసి ఎల్లు."

నా వైపు తిరిగి, "ఇంక ఎయ్యమ్మా" అంది. వేశాను. వెనక సీటు, కిటికీ పక్క, అంతా అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. పాట అయ్యాక తనే గాజులు తీసి కూర్మమ్మ చేతిలో పెట్టింది. కూర్మమ్మ ఆ గాజులతో పాటు చెయ్యి కూడా పట్టుకుంది, ఇంటిదాకా వదల్లేదు. నేను ఆ పూట చేప రేటు చెప్పడం మర్చిపోయాను. ఎవరూ అడగలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి గుమ్మంలో చెప్పులు విడుస్తూ రమేష్‌బాబుని పిలిచాను. "ఏటి?" అన్నాడు లోపలినుంచి విసుగ్గా. ఏమీ లేదన్నాను. కాసేపటికి మళ్ళీ పిలిచాను. "ఏటే, సెప్పవేటి?" అని బయటికే వచ్చేశాడు. జవాబు వస్తోంది కదా అని పిలిచాను. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే నవ్వుతాడు.

మాఘంలో పెళ్ళయింది. నన్నూ పిలిచారు. గడప దగ్గర అరుణశ్రీని నిలబెడితే, రేడియోలో అరిచిన పిల్ల కాస్తా తల దించుకుని వినీ వినబడకుండా పేరు చెప్పింది. "ఆయేళ ఊరంతా ఇన్నాది కదే, ఇప్పుడేటొచ్చింది?" అని ఆటపట్టించి నాలుగుసార్లు చెప్పించారు. అమ్మడు పక్కకి నిలబడి అందరికన్నా గట్టిగా నవ్వింది. బస్సు పాట ఇప్పుడు అరుణశ్రీది. అక్కే ఇచ్చింది. "మా ఇంటాయనకి" అని ఫోన్ చేస్తుంది, నేను వేస్తాను. పడవల్లో మళ్ళీ కేకలు మొదలయ్యాయట.

మైకులో పిలిచినప్పట్నుంచీ అమ్మడు ఫోన్ చెయ్యలేదు, అయినా పెళ్ళయిన మర్నాడు పొద్దున్న కూడా ఆ పాట వేళకి నా చెయ్యి దానంతటదే ఆగింది. ఇంక ఆ వేళకి ఫోన్ రాదు కదా అనుకుంటూ ఓ పక్క గాలి ఎటుందో చెబుతున్నాను. ఫోన్ మోగింది.

"రాజకుమారమ్మా, నూకయ్యకి ఓ పాటెయ్యమ్మా."

గుసగుస కాదు, మామూలు గొంతు. కెరటం దగ్గర చెప్పేశాక ఇంక ఆ పేరు ఎత్తకూడదని కదా ఆ రేవులో మాట. రెండుసార్లే కదా. ఊళ్ళో ఏమంటారో, కూర్మమ్మ ఏమంటుందో! ఫోన్లో వెనకనుంచి కూర్మమ్మ గొంతే వినబడింది, "రేడియో సౌండు పెంచే" అంటూ.

అప్పట్నుంచీ రోజూ చేస్తుంది. రోజూ పేరు చెబుతుంది. ఆ రేవులో మొగుడి పేరు రోజూ చెప్పే ఆడది ఆవిడొక్కతే. ఎవరూ ఏమీ అనరు.

ఆ మొదటి రోజు మాత్రం నేను తేరుకుని, "ఏ పాటెయ్యమంటావే?" అని అడిగాను.

"కొత్తదెయ్యమ్మా" అంది. "పాతదంతా ఇనీసినాడు కదా."